డ్రా చాలన్నాను

మా జిల్లాలో కొత్తగా చేరిన వ్యాయామ ఉపాధ్యాయులు నలుగురు ఈమధ్య మా ఇంటికి వచ్చారు. "సార్, మీ అనుభవాలు నాలుగు మాటల్లో రాసివ్వండి, మా గ్రూపులో పెట్టుకుంటాం" అన్నారు. మంచి పిల్లలు. వస్తూ వస్తూ అరటిపండ్లు కూడా తెచ్చారు. పొద్దున్నే లేవండి, పిల్లల్ని మిట్టమధ్యాహ్నం పరుగెత్తించకండి, విజిల్ ఎప్పుడూ రెండు పెట్టుకోండి అని రాసిచ్చి పంపించేయవచ్చు. అవన్నీ నిజాలే. అవి మాత్రమే రాసి పెన్ను మూసేస్తే నేను దొంగనవుతాను.

నేను ఎక్కడెక్కడ పని చేశానో, ఎన్ని కప్పులు తెచ్చానో సర్వీసు పుస్తకంలోనూ బీరువాలోనూ ఉన్నాయి. వాటి జోలికి పోను. ఒక పిల్లకు నేను చేసిన అన్యాయం ఒకటుంది. అది ఎక్కడా రాసి లేదు. ఈ ఉద్యోగం ఏమిటో మీకు తెలియాలంటే అదే చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను.

నల్లమాడలో చీపురు

నా మొదటి పోస్టింగు నల్లమాడ. అప్పటికి మీసాలు సరిగ్గా రాలేదు గానీ గర్వం మాత్రం బాగానే వచ్చింది. హెడ్మాస్టరు వెంకటస్వామి గారు లెక్కల మనిషి. జన్మలో బంతిని తన్ని ఎరగరు. చుట్టుపక్కల స్కూళ్ళ జట్లు మా దగ్గరికి ఆటలకు వస్తున్నాయని నేను చీకటితోనే లేచి సున్నంతో గ్రౌండు గీశాను. ఆయన వచ్చి పెనాల్టీ బాక్సు దగ్గర నిలబడ్డారు.

"కొలిచినావా?" అన్నారు.

"అడుగులతో వేసినా సార్. నా అడుగెంతో నాకు తెలుసు."

"నీ అడుగు నీకు తెలుసప్పా. ఆ గోల్‌కీపరుకు తెలుసునా?"

అటెండరు చేత చీపురు తెప్పించి, గీతలన్నీ నాచేతనే చెరిపించారు. పిల్లలందరూ చూస్తుండగా టేపు పెట్టి మళ్ళీ గీశాను. నేను ముందు గీసింది ఒక పక్క గజానికి పైగా తక్కువని తేలింది. ఆ పూట ఆయన్ని మనసులో ఎన్ని తిట్లు తిట్టుకున్నానో! తర్వాత ఎన్ని దండాలు పెట్టుకున్నానో కూడా నాకే తెలుసు.

అప్పటి నుంచి నాకు కొలత పిచ్చి పట్టింది. పల్లె టోర్నమెంట్లకు పోయినా జేబులో టేపు ఉండేది. గోరంట్ల, కదిరి, ధర్మవరం, ఎక్కడ గొడవ వచ్చినా "రూల్సు సారును పిలవండి" అనేవాళ్ళు. నేను పోయి ఒక మాట చెబితే కొట్టుకోబోయేవాళ్ళు కూడా చేతులు దించేవాళ్ళు. ఆ పేరు నా తలకెక్కింది. ఎక్కిందని నాకు తెలియలేదు.

నీళ్ళు పెట్టిన రూలు

మా పల్లెల్లో టోర్నమెంట్లు శనక్కాయ పీకేసిన తర్వాతే. చేలు ఖాళీ అవుతాయి, కుర్రాళ్ళ చేతులూ ఖాళీ అవుతాయి. నేలంతా గరుసు. ఆటకు ముందు తడపకపోతే దుమ్ములో బంతి ఎక్కడుందో కనపడదు. తడపాలంటే ట్యాంకరు రావాలి. తాగడానికే బిందెలు వరసలో పెట్టే ఏండ్లలో ఆట కోసం ఇంకో ట్యాంకరు అంటే ఊరివాళ్ళు చెప్పు తీసుకుంటారు.

అందుకని రెండు జట్లకు పాయింట్లు సమానంగా వస్తే మా దగ్గర ఇంకో ఆట పెట్టే మాటే లేదు. గోల్ తేడా చూసేవాళ్ళం. అంటే వేసిన గోల్స్‌లోంచి తిన్న గోల్స్ తీసేస్తే ఎవరికి ఎక్కువ మిగిలితే వాళ్ళు పైకి పోతారు. అదీ సమానమైతే టోపీలో చీటీలు. ముప్పై ఏండ్లు ఈ పద్ధతిని నేనే నడిపించాను. మా నీళ్ళ కరువు పెట్టిన రూలు అది. నేను మాత్రం ప్రపంచంలో ఫుట్‌బాల్ రూలే అదనుకున్నాను.

ఇంకొకటి కూడా ఇక్కడే ఒప్పుకుంటాను. నాకు ఇంగ్లీషు రాదు. బోర్డు మీద పేరు చదవగలను, సంతకం పెట్టగలను. మీటింగుల్లో పైవాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే తల ఊపేవాణ్ణి. పక్కవాడు నవ్వితే నవ్వేవాణ్ణి. ఆట రూల్సన్నీ ఒక సీనియర్ సారు దగ్గర తెలుగులో విని నేర్చుకున్నవే. రాకపోవడం నేరం కాదు. రాదని ఎవరికీ తెలియనీయకుండా ముప్పై ఏండ్లు బతికానే, అదీ నా నేరం.

దస్తగిరి కూతురు

నేను చివరి ఏండ్లు పని చేసింది ఉరవకొండ హైస్కూల్లో. అక్కడ అమ్మాయిల జట్టు తయారు చేశాను. స్కూలు దాటిన పిల్లలు కూడా ఆడతామంటే ఊరి పెద్దలు కొందరు కలిసి ఒక క్లబ్బు పెట్టారు. బూట్లు వాళ్ళు కొనిచ్చేవాళ్ళు, ఆట నేను నేర్పేవాణ్ణి.

ఆ జట్టుకు కెప్టెన్ రేష్మ. వాళ్ళ నాయన దస్తగిరికి బస్టాండు దగ్గర బోరు మోటార్లు రివైండింగు చేసే షాపు. కాలిపోయిన మోటారు తెస్తే పాత తీగ పీకి కొత్తది చుడతాడు. మా ప్రాంతంలో బోర్లు ఎండేది, మోటార్లు కాలేది ఎప్పుడూ ఉన్నదే కాబట్టి పనికి కొదవ లేదు. రేష్మ బడి నుంచి వచ్చి షాపులో కూర్చునేది. ఎన్ని చుట్లు వేయాలో కాగితం చూసుకోకుండా తీగ ముట్టేది కాదు. ఆటలో కూడా అంతే. బంతి అందుకునే ముందే రెండుసార్లు తల తిప్పి చూసుకునేది. నడుమ నిలబడి ఆట మొత్తాన్ని నడిపేది. ఆ చూపు నేర్పింది నేను కాదు, పుట్టుకతో వచ్చింది.

పిల్లను బయటి ఊర్లకు పంపమని అడగడానికి పోతే దస్తగిరి సూటిగా చెప్పాడు.

"సారూ, ఎవురెవురో ఏమేమో మాట్లాడతాండారు. నేను లెక్క సెయ్యను. నువ్వు రూల్సు మనిషివి, నీ మీద నమ్మకంతో పంపిస్తాండా. కానీ పందొమ్మిది నిండేలోగా దీంట్లో ఒక దోవ కనపడల్ల. ఉద్యోగమో ఇంగోటో. కనపడలేదనుకో, నా బిడ్డ షాపులో కూసుంటాది. అంతే."

అన్యాయమైన మాటేమీ కాదు. క్రీడల కోటాలో ఉద్యోగం రావాలంటే ఏ స్థాయిలో ఆడారో చూపించే సర్టిఫికెట్ కావాలి. దేశం దాటి పోయి ఆడిన సర్టిఫికెట్ ఉంటే ఆ పిల్లను కాదనేవాళ్ళు తక్కువ. రేష్మకు అప్పుడు పద్దెనిమిది దాటి కొన్ని నెలలు.

ఐదుగురిలో ఒక్కరు

సరిగ్గా ఆ ఏడే మన చుట్టుపక్కల దేశాల అమ్మాయిల క్లబ్బులన్నిటికీ కలిపి ఒక పోటీ పెట్టారు. పందొమ్మిదేళ్ళ లోపు వాళ్ళకు. దేశానికి ఒక్క క్లబ్బే పోవాలి. చాలామంది అనుకున్నట్టు దేశం జట్టును ఏరి పంపడం కాదిది. గెలిచిన క్లబ్బు క్లబ్బుగానే విమానం ఎక్కుతుంది. అంటే ఉరవకొండ పిల్లలు ఉరవకొండ పిల్లలుగానే పోవచ్చు. ఈ మాట చెప్పిన రోజు మా పిల్లలు గ్రౌండులో పడి దొర్లారు.

మేము రాష్ట్రంలో గెలిచాం, దక్షిణాదిలో గెలిచాం. కడకు దేశం మొత్తంలో ఐదు క్లబ్బులు మిగిలాయి. ఐదూ ఒక ఊళ్ళో చేరి ఒకరితో ఒకరు ఒక్కొక్క ఆట ఆడాలి. గెలిస్తే మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి, ఓడితే సున్నా. అన్నిటికంటే పైనున్న జట్టు బయటి దేశం పోతుంది. రెండో జట్టు ఇంటికి పోతుంది.

గుంతకల్లులో రైలెక్కాం. ఇంటి నుంచి కట్టుకొచ్చిన చిత్రాన్నం మూతలు తీస్తుండగా నా ఫోన్‌లోకి పోటీ నిబంధనలు వచ్చాయి. ఇరవై పేజీలకు పైనే ఉన్నాయి, అంతా ఇంగ్లీషు.

రేష్మ తొంగి చూసింది. "సార్, అది నాకు పంపండి. చదివి అందరికీ చెప్తా."

"నాకు తెలీని రూల్సా? నువ్వు కాళ్ళు చాపుకొని పడుకో. రేపు ఆట ఉండాది."

"అది కాదు సార్, ఊరికే సూస్తా."

"సెప్తాండా కదమ్మా!" అన్నాను, కొంచెం గట్టిగానే.

ఆ పిల్ల ఇంటర్ వరకు చదివింది, ఇంగ్లీషు నాకంటే పది రెట్లు మేలు. ఫోన్ చేతికిచ్చి "చదివి పెట్టమ్మా" అంటే పది నిమిషాల పని. జట్టు పిల్లలందరి ముందు ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. నేను వేలితో పేజీలు పైకి తోస్తూ పోయాను. చొక్కాల రంగుల బొమ్మలు చూశాను, మధ్యలో ఎంతమందిని మార్చవచ్చో అంకెలు చూశాను. మిగిలింది చూసినట్టు ముఖం పెట్టి ఫోన్ జేబులో వేసుకున్నాను.

రెండు జట్లు ఎగిరిన పొద్దు

మొదటి ఆట కొండ ప్రాంతం నుంచి వచ్చిన జట్టుతో. ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం. తర్వాత రెండు ఆటలు గెలిచాం. అందులో ఒకటి ఐదు గోల్స్‌తో. చివరి ఆటకు వచ్చేసరికి మాకు ఆరు పాయింట్లు. ఆ కొండ జట్టు తన నాలుగు ఆటలూ ముగించుకుని ఏడు పాయింట్లతో కూర్చుంది. మిగతావాళ్ళెవరూ మమ్మల్ని అందుకోలేరు.

నా లెక్క నాకు స్పష్టంగా ఉంది. చివరి ఆట గెలిస్తే తొమ్మిది, తిరుగే లేదు. డ్రా అయినా ఏడు, ఆ కొండ జట్టుతో సమానం. సమానమైతే గోల్ తేడా. ఐదు గోల్స్ వేసినవాళ్ళం, మాదే పైచేయి. కాబట్టి ఓడకుండా ఉంటే చాలు.

ఆ పొద్దున టిఫిన్ దగ్గర రేష్మ నా పక్కకు వచ్చి కూర్చుంది. ఆ పిల్లకు హిందీ వచ్చు. కొండ జట్టు పిల్లలతో మాట కలిపింది.

"సార్, మనం గెలిస్తేనే పోతామంట. డ్రా అయితే వాళ్ళే పోతారంట. వాళ్ళ కోచ్ చెప్పినాడంట."

"ఎవురు చెప్పినారు? వాళ్ళేనా? వాళ్ళు ఇంగేం చెప్తారు? నువ్వు తొందరపడి ముందుకు ఉరికి, వెనక గోల్ తినల్లని చెప్తాండారు. ఆ మాటలు ఇనొద్దు."

"ఒక్కసారి ఆ కాగితం సూద్దాం సార్."

"రేష్మా! నేను ఈ పనిలో ఎన్నేండ్ల నుంచి ఉండానో తెలుసునా?"

తల దించుకుని ఉప్మా కెలుక్కుంటూ కూర్చుంది. నేను గెలిచాననుకున్నాను.

ఆట మొదలైన కాసేపటికే రేష్మ గోల్ వేసింది. విరామం తర్వాత వాళ్ళొకటి వేశారు. ఒకటి ఒకటి. ఎదుటి జట్టు అప్పటికే అలిసిపోయింది, కాళ్ళీడుస్తున్నారు. ఇంకో పావుగంట ఉంది. మా పిల్లలు కొంచెం తోసి ఉంటే రెండో గోల్ పడేది. అది తెలియడానికి కోచే అక్కర్లేదు, పల్లీలమ్మేవాడికి కూడా తెలుస్తుంది. నేను ముందుండే పిల్లను బయటికి పిలిచి, వెనక కాపలాకు ఇంకొక పిల్లను దించాను. రేష్మ బంతి తీసుకుని ముందుకు పోతుంటే గీత దగ్గరికి ఉరికి అరిచాను.

"వెనక్కి రా! డ్రా చాలు! రేష్మా, డ్రా చాలు!"

ఆ పిల్ల బంతి మీద కాలు పెట్టి నిలబడి నా వైపు చూసింది. ఎదురుగా దారి తెరిచి ఉంది. చూసి, బంతిని వెనక్కి ఇచ్చేసింది. నా మాట దాటకూడదని ఇచ్చేసింది.

చివరి విజిల్ మోగింది. మా పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఎగురుతున్నారు. మెట్ల మీద కూర్చుని చూస్తున్న కొండ జట్టు పిల్లలు కూడా ఎగురుతున్నారు. పాపం, పిచ్చిపిల్లలు, ఎందుకు ఎగురుతున్నారు అనుకున్నాను. రేష్మ ఒక్కతే ఎగరలేదు. వాళ్ళ వైపు చూస్తూ నిలబడింది.

ఆటను పర్యవేక్షించే పెద్దాయన నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. నా ముఖం చూసి ఇంగ్లీషు మానేసి నాకు అర్థమయ్యేట్టు తేలిక హిందీలో చెప్పాడు. పాయింట్లు సమానమైతే ముందు ఆ రెండు జట్లు తమలో తాము ఆడిన ఆట చూస్తారు. అది కూడా తేలకపోతేనే గోల్ తేడా. "మీరు వాళ్ళ చేతిలో ఓడారు కదా మాస్టారూ" అన్నాడు. కాగితం తెరిచి వేలు పెట్టి చూపించాడు. ఆ పేజీని నేను రైల్లో వేలితో పైకి తోసేశాను.

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో

పిల్లల దగ్గరికి నడిచాను. నలభై అడుగులుంటుంది. ఆ నలభై అడుగుల్లో నేను మనిషిగా ఉండి ఉండవచ్చు. "తప్పు నాదమ్మా, నేను చదవలేదు" అని ఒక్క మాట. పవిత్ర అనే గోల్‌కీపరు, ఊళ్ళోనే మగ్గం నేసేవాళ్ళ పిల్ల, పరుగెత్తుకుంటూ వచ్చి "సార్, ఎప్పుడు పోతాం సార్? పాస్‌పోర్టు యాడ ఇస్తారు సార్?" అని నా చెయ్యి పట్టుకుంది.

"మోసం చేసినారమ్మా" అన్నాను. "రూలు మార్చినారు. మనది సీమ కదా, అడిగే దిక్కు లేదని మార్చినారు."

నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. ముందుగా అనుకున్నది కూడా కాదు. పిల్లలు గుండెలు బాదుకుని ఏడ్చారు. రేష్మ ఏడవలేదు. కింద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటోంది. చాలాసేపు అవే విప్పుకుంటోంది.

గుంతకల్లులో రైలు దిగి ఊరు చేరేసరికి జనం. విలేకరి వచ్చాడు. అదే చెప్పాను, ఈసారి ఇంకొంచెం గట్టిగా చెప్పాను. సీమ బిడ్డలకు అన్యాయం అని పేపర్లో వచ్చింది. సభ పెట్టారు. అన్యాయాన్ని ఎదిరించిన గురువు అని నాకు శాలువా కప్పారు. దస్తగిరి పూలదండ తెచ్చి నా మెడలో వేసి, "మా సారును ఏడిపించినోళ్ళు బాగుపడరు" అని మైకులో అన్నాడు. అదే వేదిక మీద, నాకు మూడు కుర్చీల అవతల రేష్మ కూర్చుని ఉంది. ఆ శాలువా నేను ఇంతవరకు కప్పుకోలేదు. కప్పుకోనంత మాత్రాన ఏమి లాభం, తీసుకున్నాను కదా.

ఇక్కడిదాకా జరిగింది తప్పు. తప్పులు అందరూ చేస్తారు, మీరూ చేస్తారు. దీని తర్వాత నేను చేసిందానికి తప్పు అనే మాట చాలదు.

ఒక్క మాట అడిగింది

కొన్ని నెలలకు ఒక ప్రభుత్వ శాఖ జట్టు నుంచి రేష్మకు ఉత్తరం వచ్చింది. ఆ ఐదు క్లబ్బుల ఆటల్లో ఆమెను ఎవరో చూశారట. ఎంపికకు రమ్మన్నారు. నెగ్గితే ఉద్యోగం. బయటి దేశం సర్టిఫికెట్ లేకపోయినా దారి మళ్ళీ తెరుచుకుంది. నాకైతే దేవుడు నన్ను క్షమించాడనిపించింది.

దస్తగిరి పంపనన్నాడు.

రేష్మ మా ఇంటికి వచ్చింది. వాకిట్లో నిలబడే మాట్లాడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"సార్, నాయన వద్దంటాండాడు. ‘రూల్సు సారంతటి మనిషినే మోసం చేసినారు, నిన్ను బతకనిస్తారా? అదంతా రాజకీయం, న్యాయం లేని తావుకు నా బిడ్డను పంపను’ అంటాండాడు."

నేను వాకిట్లో ఎండుటాకులు కాలితో పక్కకు తోస్తున్నాను.

"మీరొక్క మాట చెప్పండి సార్. మోసం కాదు, మనమే రూలు సూసుకోలేదని చెప్పండి. మీరని కూడా చెప్పొద్దు. మనం అని చెప్పండి. నేనే సూసుకోలేదని చెప్పినా సరే. నాయన పంపిస్తాడు."

తన మీద వేసుకుంటానంది ఆ పిల్ల. పద్దెనిమిదేళ్ళ పిల్ల! నా పరువు ఎక్కడ పోతుందోనని దానికి దారి కూడా తానే వెతికి తెచ్చింది.

"చూస్తాలేమ్మా" అన్నాను.

మరుసటి రోజు సాయంత్రం షాపుకు పోయాను. పోలేదని ఎవరూ అనకూడదు. దస్తగిరి స్టూలు తుడిచి వేశాడు. వానల సంగతి మాట్లాడుకున్నాం. ఎవరి బోరు ఎన్ని అడుగులు పోయిందో మాట్లాడుకున్నాం. నాలుక చివరి దాకా వచ్చింది. అంతలో ఎవరో మోటారు దించడానికి వచ్చి నన్ను చూసి, "ఏమి సార్, మనకు అన్యాయం చేసినోళ్ళ మీద కేసెయ్యాల్సింది" అన్నాడు. "అవునప్పా" అన్నాను. అని లేచి వచ్చేశాను. ఎంపిక తేదీ దాటిపోయింది. ఆ తర్వాత రేష్మ గ్రౌండుకు రాలేదు. నేను పిలవలేదు కూడా. ఆ పిల్ల రాకపోవడమే నాకు హాయిగా ఉండేది. నిజం ఇదే.

కాబట్టి కొత్త సార్లూ, మేడములూ, మీకు నేను చెప్పేది పెద్దగా లేదు. ఏ పోటీకి పోయినా ఆ పోటీ కాగితం చదవండి, ఆ ఏడాదిది చదవండి, పాతది గుర్తుందని ఊరుకోకండి. చదవలేకపోతే పిల్లల చేత చదివించుకోండి. పిల్లల ముందు తెలియదు అంటే గౌరవం పోతుందని నాకు ఎవరూ చెప్పలేదు, నేనే కల్పించుకున్నాను. ఇంకొకటి. తప్పు జరిగిన రోజే చెప్పేయండి. ఆ రోజైతే నలుగురు తిడతారు, మీరు తలొంచుకుంటారు, అయిపోతుంది. మరుసటి రోజు నుంచి ఆ తప్పును మీ తరఫున ఇంకెవరో మోస్తుంటారు.

పోయిన నెల

మీరు రాయమని అడిగిన తర్వాత, రాసేముందు ఆ తండ్రీకూతుళ్ళకు చెప్పకుండా ఎట్లా అనిపించింది. తొమ్మిదేండ్ల తర్వాత ఉరవకొండ పోయాను.

షాపు అదే. దస్తగిరికి కండ్ల ఆపరేషన్ అయింది, నల్లద్దాలు పెట్టుకుని బయట కుర్చీలో కూర్చున్నాడు. లోపల రేష్మ మోటారుకు తీగ చుడుతోంది. షాపు ఇప్పుడు ఆమెదే. చుట్టుపక్కల పల్లెల్లో మోటారు కాలితే ఆమె దగ్గరికే తెస్తారట. నన్ను చూసి లేచి, "రాండి సార్" అని స్టూలు వేసి, మళ్ళీ పనిలో కూర్చుంది.

"ఏమి సారూ, దోవ తప్పి వస్తివా?" అని దస్తగిరి నవ్వాడు. టీకి కేకేశాడు.

నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. "దస్తగిరీ, ఆ పొద్దు మనల్ని ఎవరూ మోసం చేయలేదప్పా. రూలు మొదటి నుంచీ అదే ఉండాది. నేను చదవలేదు. నీ బిడ్డ చెప్పింది, నేను ఇనలేదు. గెలిచే ఆటను డ్రా చాలని నేనే ఆపించినా. తర్వాత నా పేరు పోతాదని అబద్ధం చెప్పినా."

ఆయన నా వైపు చూడలేదు. కూతురి వైపు తిరిగాడు.

"నీకు తెలుసునా?"

"తెలుసు నాయనా."

"మరి నాకేల చెప్పలేదు?"

"సారే వచ్చి చెప్తాడనుకుంటి. శానా దినాలు అనుకుంటి."

దస్తగిరి నల్లద్దాలు తీసి కండ్లు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆ ఉత్తరం వచ్చిన పొద్దు ఈ బిడ్డ అన్నం తినలేదు సారూ. నేను తిట్టినా. ‘సారంతటోన్నే ఏడిపించినారు, నువ్వెంత’ అని తిట్టినా. నీ పేరు చెప్పే ఆపినా నా బిడ్డను."

అంతలోనే ఏదో ఆశగా ముందుకు వంగి అన్నాడు, "ఇప్పుడు పోవచ్చునా సారూ? ఆ జట్టుకు? ఇప్పుడు పంపిస్తా. షాపు నేను సూసుకుంటా."

ఈసారి ఆ జట్టు ఎంపిక కాగితం మా పక్కింటి అబ్బాయి చేత చదివించుకునే పోయాను.

"వయసు దాటిపోయింది దస్తగిరీ" అన్నాను.

రేష్మ చేతిలో తీగ ఆగింది. "నాయనా, ఆ మాట ఇడిసిపెట్టు" అంది. తర్వాత నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "సార్, ఆ పొద్దు చెప్పుంటే నేను పోయుందును. ఈ పొద్దు చెప్పి ఏం లాభం సార్? ఇన్నేండ్లు మా నాయన, ఎవురో పాపిష్టోళ్ళు చేసినారనుకొని ఊరకుండె. ఇంగ తానే చేసినానని కుమిలిపోతాడు."

టీ వచ్చింది. దస్తగిరి గ్లాసు అందుకుని తానే నా చేతికిచ్చాడు.

"టీ తాగు సారూ. తాగి పో. ఇంగ మల్ల ఈడికి రావాకు."

తాగాను. ఖాళీ గ్లాసు స్టూలు మీద పెట్టి బస్టాండు వైపు నడిచాను.